మీరు అడిగారు: బల్లెం పట్టిన బల్సా

ఈ నెల శీర్షిక మొత్తం ఒకే యానిమే (జపాన్ యానిమేషన్) సీరీస్‌కి ఇచ్చేశాం. పేరు ‘సెయిరెయ్ నో మొరిబితో’. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే తన ఉపగ్రహ ఛానెల్లో 2007 ఏప్రిల్ 7 నుంచి సెప్టెంబర్ 29 వరకు 26 భాగాలుగా చూపించింది. తీసింది ప్రొడక్షన్ ఐ.జి. స్టూడియో, దర్శకుడు కెంజి కమియమ, సంగీతం కెంజి కవాయి. మూలం నహొకో ఉఎహషి 1996లో రాసిన నవల. ఇంకా చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో: కొత్త యోగో అనే రాజ్యంలో రెండో రాకుమారుడు చగుమ్ ఒంట్లో ఒక నీటి ఆత్మ గుడ్డు పెట్టింది. దయ్యం పట్టిన కొడుకు రాజవంశానికి మచ్చ అని చక్రవర్తి గుట్టుగా చంపించబోతాడు. తల్లి, అంటే రెండో రాణి, దారినపోతూ నదిలో దూకి పిల్లాణ్ణి కాపాడిన ఒక కిరాయి అంగరక్షకురాలి చేతిలో వాణ్ణి పెట్టేస్తుంది. ఆవిడే బల్సా. వయసు 30, చేతిలో పొట్టి బల్లెం.

ఇక ప్రశ్నలు.

హీరోయిన్ దయ గల మనిషి అని తెగ పొగుడుతున్నారు. మూడో భాగానికే నలుగురిని చితక్కొట్టింది. దయ ఎక్కడుందండీ? — ఖమ్మం పాఠకుడు

ఆ కొట్టడంలోనే ఉంది. మూడో భాగాన్ని మళ్ళీ పెట్టి, ఈసారి వేగం సగానికి తగ్గించి చూడండి. వచ్చిన నలుగురూ రాజుగారి వేటగాళ్ళు. చంపడమే వాళ్ళ పని. ఆవిడ పని ఆపడం. బల్లెం ఉన్నవాళ్ళకి అన్నిటికంటే తేలికైన పని మొనని నేరుగా గుండెలోకి దించడం. అవతలివాడి కత్తి అందేలోపే బల్లెం అందుతుంది. ఆ తేలిక పని మానుకుని కర్రతో, మడమతో, తోపుతో మనిషిని పడగొట్టాలంటే ఇంకా దగ్గరికి వెళ్ళాలి, ఇంకొంచెంసేపు నిలవాలి. నిలిచినంతసేపూ సొంత ఒళ్ళు కత్తికి ఎదురుగా ఉంటుంది. ఆ పోరాటంలో ఆవిడకి తగిలిన గాయం మామూలుది కాదు. దాని నుంచి తేరుకోవడానికి మూలికల వైద్యుడు తంద చేతులు కావాల్సొచ్చింది. చంపనన్న నియమానికి ఆవిడ కట్టిన ఖరీదు అది.

చూడ్డానికి ఒక గుర్తు చెబుతాం. బల్లెం పొడిచేటప్పుడు తోసేది వెనక చెయ్యి. ముందు చెయ్యి గొట్టంలా వదులుగా ఉండి కర్రని తనలోంచి జారనిస్తుంది. అడ్డుకోవాలన్నా, కర్రతో కొట్టాలన్నా రెండు చేతులూ బిగుసుకుంటాయి. కాబట్టి మొన వెంట కళ్ళు పరిగెత్తించకుండా ముందు చేతి మీద నిలపండి. పొడుపా, దెబ్బా అన్నది మొన కదలకముందే తెలిసిపోతుంది. ఈ సీరీస్‌లో పోరాటాలు గీసినవాళ్ళు ఆయుధం బరువు తెలిసి గీశారు. అందుకే ఈ గుర్తు పనిచేస్తుంది. మెరుపులు, పేలుళ్ళు నింపేసే సీరీస్‌లలో పనిచెయ్యదు.

ఇక ఎందుకు చంపదు అంటారా? బల్సా తండ్రి ఉత్తరాన కొండల్లో ఉన్న కంబల్ రాజుగారి వైద్యుడు. రాజు తమ్ముడు బెదిరించి ఆయన చేతే రాజుకి విషం పెట్టిస్తాడు. తర్వాత తననీ, ఆరేళ్ళ కూతుర్నీ వదలరని ఆయనకి తెలుసు. స్నేహితుడు జిగురోని బతిమాలి పిల్లని ఇచ్చి పంపేస్తాడు. (జిగురు కాదు, జిగురో. కంబల్‌లో పేరున్న బల్లెం వీరుడు.) వెంటాడ్డానికి వచ్చినవాళ్ళు జిగురో సొంత స్నేహితులే. ఒకరి తర్వాత ఒకరుగా ఎనిమిది మంది. పిల్లని కాపాడటానికి ఆయన ఎనిమిది మందినీ చంపాడు. తనని పెంచడానికి పోయిన ఆ ఎనిమిది ప్రాణాలకి బదులు ఎనిమిది ప్రాణాలు నిలబెడతానని బల్సా ఒట్టు పెట్టుకుంది.

అంటే ఇది చూసి కరిగిపోయే జాలి కాదు. అప్పు తీర్చే దయ. వేళ్ళ మీద లెక్కపెట్టుకునే దయ. చగుమ్‌తో ఒక్క ఇంట్లో వండుకుని తినడం మొదలయ్యాక ఆ లెక్క ఏమవుతుందన్నదే మాకు సీరీస్ మొత్తంలో ఆసక్తిగా అనిపించేది. అది ఇక్కడ విప్పం.

అన్నట్టు, సబ్‌టైటిళ్ళలో బల్సా తండ్రి పేరు ‘కరుణ’ అని కనిపిస్తుంది. మన చెవికి హాయిగానే ఉంటుంది కానీ దానిలో అర్థాలు తవ్వకండి.

మొదటి ఆరు భాగాలు ఊపిరాడకుండా చూశాను. ఏడు నుంచి చప్పబడిపోయింది. తొమ్మిదిలో ఆపేశాను. ముందుకి దాటేసి పదహారు నుంచి చూడొచ్చా? — గుంటూరు పాఠకురాలు

దాటొద్దు. కానీ మీ ఫిర్యాదు న్యాయమైనదే.

మూల నవల ఒక్క పుస్తకం, పిల్లల కోసం రాసింది. దాన్ని 26 భాగాలకి సాగదీయాలంటే ఎక్కడో నింపాలి. కమియమ నింపింది సరిగ్గా ఈ మధ్య భాగాన్నే. తరిమేవాళ్ళు బల్సా, చగుమ్ చనిపోయారని నమ్ముతారు. ఇద్దరూ పాత నీటిమిల్లు ఉన్న ఇంట్లో మామూలు మనుషుల్లా కాపురం పెడతారు. రాకుమారుడు బియ్యం కడగటం, బజారులో బేరం, ఊరి పిల్లలతో ఆట, ఎండిపోతున్న పొలాలు. కత్తి కనబడదు.

ఇది వారానికో భాగంగా చూపించిన సీరీస్. ఒక భాగం చూసి వారం ఆగితే ఆ ఇంట్లో మనమూ కొన్నాళ్ళు ఉన్నట్టుంటుంది. ఒక్క రాత్రి వరసగా ఆరు చూస్తే ఆరు మధ్యాహ్నాలు కునికినట్టుంటుంది. తప్పు కథది కాదు, మోతాదుది. మొత్తం 26 భాగాలు, ఒక్కోటి సుమారు 25 నిమిషాలు, అంటే పదకొండు గంటలకి కొంచెం తక్కువ. ఇలా పంచుకోండి: 1 నుంచి 3 ఒకే రోజు. 4 నుంచి 6 మరో రోజు. 7 నుంచి 15 వరకు రోజుకి ఒక్కటే, రెండోది పెట్టొద్దు. 16 నుంచి 21 రెండేసి చొప్పున. చివరి అయిదు మీ ఇష్టం, ఎలాగూ ఆగలేరు.

మీరు ఆపేసింది తొమ్మిదిలో అన్నారు కాబట్టి ఎనిమిదో భాగం చూసే ఉంటారు. కమ్మరి భాగం. దాన్ని ఇంకోసారి చూడమని మా మనవి. బల్సా బల్లెం పాడైంది, బాగుచేయించడానికి కమ్మరి దగ్గరికి చగుమ్‌తో వచ్చింది. అదే సమయానికి ఆమె చచ్చిందనుకున్న వేటగాళ్ళు అదే కమ్మరి దగ్గరికి వచ్చి కూర్చున్నారు. తల్లీబిడ్డల్లాంటి ఈ ఇద్దరూ గోడ అవతల, బయటికి పోయే దారిలేకుండా. ఒక్క దెబ్బ లేదు. ముసలి కమ్మరి మాట్లాడుతుంటాడు, అవతలివాళ్ళు వింటుంటారు, ఇవతలివాళ్ళు ఊపిరి బిగబట్టి వింటుంటారు. వేటగాళ్ళ నోట తన గురించి ఏం వస్తుందో బల్సా వింటోంది, ఆవిడ వింటోందని కమ్మరికి తెలుసు, వాళ్ళకి తెలియదు. తనకి బల్లెం చేసిపెట్టాలా వద్దా అన్న తీర్పు ఆ మాటల మధ్యే జరిగిపోతుంది. ఆయుధం చేసేవాడు దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో ఆలోచించడం మీద ఇంత ఓపిగ్గా ఒక భాగం తీసినవాళ్ళు అరుదు. మొదటిసారి చూసినప్పుడు ‘ఏమీ జరగలేదే’ అనిపిస్తుంది. రెండోసారి అరచేతులు చెమర్చుతాయి.

పదమూడో భాగం కూడా దాటొద్దు. బల్సాని పోరుకి పిలిచే ఒక కత్తివీరుడు వస్తాడు. పోరాడనని నిలబడటం పోరాడటం కంటే ఎంత కష్టమో అందులో ఉంది.

పేర్లు నోరు తిరగట్లేదు. తెలుగులో ఎలా పలకాలి, ఎలా రాయాలి? — అమలాపురం

ఇంగ్లీషు అక్షరాలు చూసి పలికితే దారి తప్పుతారు. జపాను భాషలో అచ్చులు పొట్టిగా, విడివిడిగా పలుకుతారు, మనకి దగ్గరే. బాల్సా కాదు, బల్సా. చాగమ్ కాదు, చగుమ్. తంద అని రాయండి. తండా అని రాస్తే లంబాడీల ఊరు గుర్తొచ్చి సీన్ చెడుతుంది. ముసలి మంత్రగత్తె తొరొగాయి (కాయల పేరు కాదు). నక్షత్రాలు చదివే యువకుడు షుగ. మనకి కనబడే లోకం సగు, దానితో పాటే అదే చోట ఉండి కనబడని లోకం నయుగు. ఈ రెండు మాటలూ తిరగబడకుండా గుర్తుపెట్టుకుంటే కథ సగం తేలిక.

మొరిబితో అంటే కాపు కాసే మనిషి. ‘సెయిరెయ్’ అంటే ఆత్మ, ‘నో’ అంటే యొక్క. కాబట్టి పేరు ‘ఆత్మకి కావలి మనిషి’. ఆ కావలి ఎవరన్నది ఆలోచించండి. బల్సా అనుకుంటాం. గుడ్డు మోస్తున్నది చగుమ్.

యకూ ప్రజల కథ, రాజుగారి చరిత్ర రెండూ వేరువేరుగా చెబుతారు. ఏది నిజమో అర్థం కాక మధ్యలో తికమక పడ్డాను. కాస్త విడమరచండి. — ఉట్నూరు పాఠకుడు

ఆ తికమక మీకు పెట్టాలనే పెట్టారు. పాత్రలు కూడా అందులోనే తిరుగుతున్నాయి.

కోటలో చెప్పే చరిత్ర ఇది: మొదటి చక్రవర్తి టొర్గల్ సముద్రం దాటి వచ్చి, ఒక పిల్లవాడిని ఆవహించిన నీటి రాక్షసిని చంపి, ఈ నేలకి నీళ్ళు తెచ్చి రాజ్యం కట్టాడు. రాజవంశం పవిత్రత అంతా ఈ ఒక్క కథ మీదే నిలబడింది. ఇప్పుడు అదే వంశంలో పుట్టిన పిల్లాణ్ణి అదే నీటి రాక్షసి ఆవహించిందంటే ఏమవుతుంది? కథ తిరగబడుతుంది. అందుకే చక్రవర్తి సొంత కొడుకుని చంపించబోయాడు. క్రూరుడు కాబట్టి అనుకుంటే పొరపాటు. తాను కూర్చున్న పీట ఆ కథతో చేసింది కాబట్టి.

అంతకుముందే అక్కడ ఉన్నవాళ్ళు యకూలు. వాళ్ళ పెద్దల మాటల్లో ఆ నీటి జీవి రాక్షసి కాదు. వందేళ్ళకొకసారి గుడ్డు పెడుతుంది, అది పొదిగితే వానలు, పొదక్కపోతే కరువు. గుడ్డు తినేసే రరుంగ అనే జీవి వేరే ఉంది. ఇంతా తెలిసిన యకూలు ఇప్పుడు యోగో మనుషుల్లో కలిసిపోయారు. భాష పలచబడింది, కథల్లో ముక్కలు రాలిపోయాయి. మిగిలినవి పండగ పాటల్లో, పిల్లల ఆటల్లో, గుమ్మానికి కట్టే వస్తువుల్లో ఇరుక్కుని ఉన్నాయి. అవి ఎందుకు పాడుతున్నారో పాడేవాళ్ళకే తెలియదు.

చూసేటప్పుడు ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. మధ్యలో గీత గీసి ఎడమ పక్క కోట చెప్పింది, కుడి పక్క యకూలు చెప్పింది రాసుకుంటూ పోండి. షుగ కోటలో పాత రాతిపలకలు చదువుతుంటాడు. తొరొగాయి, తంద ఊళ్ళలో ముసలివాళ్ళని అడుగుతుంటారు. రెండు పక్కలా ఒకే వస్తువు పడిన ప్రతిసారీ దాని కింద గీత పెట్టండి. పద్దెనిమిదో భాగంలో పాత యకూ ఊరికి చేరేసరికి ఆ గీతలు పెట్టినవే పనికొస్తాయి. ఒక పక్షిని మాత్రం వదలొద్దు. ఇంతకంటే చెబితే మీ సరదా పాడవుతుంది.

రాతలో ఉన్నదే చరిత్ర, నోటిలో ఉన్నది కథ అనుకునే అలవాటుని ఈ సీరీస్ గట్టిగా కదుపుతుంది. ఉఎహషి సాంస్కృతిక మానవశాస్త్రం చదివి, ఆస్ట్రేలియా మూలవాసుల మధ్య పరిశోధన చేసిన మనిషి. పెద్దవాళ్ళ నోటిమాట ఎలా అరుగుతుందో, ఎక్కడ దాక్కుంటుందో ఆవిడకి దగ్గరగా తెలుసు. మీ ఊరి చుట్టుపక్కల ప్రధాన్‌ గాయకులు కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ పాడే గోండు గాథలు విని ఉంటే ఈ భాగం మాకంటే మీకే బాగా పట్టుబడుతుంది.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. చూపించొచ్చా? — హైదరాబాద్

ఒక్కతినీ వదిలి చూపించొద్దు. పక్కన కూర్చుని అయితే చూపించొచ్చు, కానీ పదేళ్ళు దాటాక ఇంకా బాగా అందుతుంది. అసభ్యం ఏమీ లేదు. కత్తిపోట్లు, రక్తం ఉన్నాయి, అయితే రుచి చూపించడానికి పెట్టినవి కాదు. ముందు మీరు చూసి తేల్చుకోవాల్సినవి నాలుగు: 3 (పోరాటం, గాయం), 13, 21 (జిగురో తన స్నేహితులతో తలపడటం), 25 (రరుంగ). 15లో ఒక చావు ఉంది, పోరాటంలో కాదు, జబ్బుతో. పిల్లలు ఎక్కువగా అడిగేది దాని గురించే.

రాక్షసికి భయపడతారేమో అని పెద్దలు జాగ్రత్తపడతారు. నిజానికి పిల్లల్ని కుదిపేది తల్లి కొడుకుని పంపేసే మొదటి భాగం. నాన్న చంపమన్నాడు అన్న మాట. దానికి జవాబు సిద్ధం చేసుకుని కూర్చోండి. ఇంకో చిక్కు: ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు ఆ వయసులో అందవు, చదివేలోపు పోతాయి. మీరు తెలుగులో చదివి వినిపించాల్సిందే. ఆ సంగతి చివరి ప్రశ్నలో ఉంది.

నవల ముందా, యానిమే ముందా? — వరంగల్ పాఠకురాలు

యానిమే ముందు. కారణం ఒకటే. మొదటి నవల చదివి యానిమేకి వస్తే మధ్య భాగాలన్నీ ‘పుస్తకంలో లేవే’ అని విసుక్కుంటారు. యానిమే చూసి నవలకి వస్తే అది ఎంత బిగుతుగా ఉందో చూసి ముచ్చటపడతారు.

ప్రధాన కథ 10 సంపుటాలు, 1996లో మొదలై 2007లో ముగిసింది. యానిమే తీసుకున్నది మొదటిదాన్ని. మొదటి రెండింటికీ కేథీ హిరానో చేసిన ఇంగ్లీషు అనువాదాలున్నాయి. మొదటి అనువాదానికి 2009లో అమెరికా గ్రంథాలయ సంఘం ఇచ్చే బాచెల్డర్ అవార్డు వచ్చింది. రచయిత్రికి 2014లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు వచ్చింది. యానిమే అయ్యాక రెండో పుస్తకం పట్టుకోండి. అందులో బల్సా కంబల్‌కి తిరిగి వెళ్తుంది, జిగురో కథకి అసలు బరువు అక్కడ తెలుస్తుంది. ఎన్‌హెచ్‌కే వాళ్ళే 2016 నుంచి 2018 వరకు నటులతోనూ తీశారు, బల్సాగా హరుక అయసె. అది 22 భాగాల్లో తర్వాతి పుస్తకాల దాకా పోతుంది. యానిమే చూడకముందు దాని జోలికి పోవద్దు.

కాలేజీ ఫెస్ట్‌లో బల్సా వేషం వేద్దామనుకుంటున్నాను. దుస్తులు కుట్టించేశాను. బల్లెమే కుదరట్లేదు. పీవీసీ గొట్టం తెచ్చాను, ఊగిపోతోంది, రంగు రాలిపోతోంది. — విశాఖపట్నం విద్యార్థిని

ముక్కాలంగుళం గొట్టం తెచ్చి ఉంటారు. అయిదడుగుల పొడవున అది ఊగక మానదు. లోపల బిగుతుగా పట్టే వెదురు గానీ గుండ్రటి చెక్క కర్ర గానీ దూర్చండి, రెండు చివర్లా అంగుళం మేర టేపు చుట్టి బిగిస్తే చప్పుడు కూడా రాదు. అసలు పీవీసీ మానేసి నిటారుగా ఉన్న వెదురు కర్ర తీసుకుని కణుపులు గీకేస్తే ఇంకా తేలిక, పట్టు కూడా బాగుంటుంది. పొడవు మీ ఎత్తుకి సమానంగా ఉంచండి. ఇది పొట్టి బల్లెం. ఏడడుగులు చేస్తే సిపాయిలా కనిపిస్తారు, బస్సులోనూ పట్టదు.

మొనకి లోహం వద్దు, చెక్కా వద్దు. ఇలాంటి చోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు. 10 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ షీట్ నుంచి ఆకు ఆకారంలో రెండు ముక్కలు కోయండి. ఒక్కోదానికీ ఒక వైపు మాత్రమే అంచుల దగ్గర వాలుగా చెక్కండి. బ్లేడు కొత్తది వాడండి, పాతదైతే ఫోమ్ కోయదు, చింపుతుంది. చదునైన వైపులు రెండిటికీ రబ్బరు జిగురు (ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటిది) పలచగా పూసి పది పదిహేను నిమిషాలు ఆగండి. వేలికి అంటకుండా, కాస్త పట్టుకున్నట్టు ఉన్నప్పుడు కలపండి. తడిగా ఉండగా కలపడమే అందరూ చేసే తప్పు. అప్పుడు జారుతుంది, మర్నాటికి విచ్చుకుంటుంది. రెండు ముక్కల మధ్య కర్ర చివరి నాలుగంగుళాలు కూర్చునేలా ముందే గాడి తీసి ఉంచుకోండి. పైపైన అంటిస్తే మొన మొదటి గంటలోనే వాలిపోతుంది.

రంగు రాలడానికి కారణం ఫోమ్ రంగు తాగడం, పీవీసీ రంగు పట్టకపోవడం. ఫోమ్‌కి హీట్ గన్‌తో పైపైన వేడి తగిలించండి, ఉపరితలం కొంచెం నిగనిగలాడగానే ఆపేయండి. ఆపై తెల్ల జిగురు నీళ్ళు కలిపి మూడు పూతలు, ఒక్కోటి పూర్తిగా ఆరాక. తర్వాతే అక్రిలిక్ రంగు. గొట్టానికైతే 120 నంబరు ఉప్పుకాగితంతో నునుపు పోయేదాకా రుద్ది, ప్రైమర్ కొట్టి, తర్వాత రంగు. వెండి రంగు తళతళలాడించకండి. బూడిద రంగు వేసి, అంచు వెంబడి మాత్రం వెండి రంగు తుడిచినట్టు అద్దండి. ఎన్నో ఏళ్ళు వాడిన ఆయుధం అది. కర్రకి చేతులు పట్టే చోట రంగు కొంచెం అరిగినట్టు ఉంచండి.

నిలబడేటప్పుడు మొన పైకి, కర్ర అడుగు నేలకి, భుజాలు వదులుగా. ఫొటో కోసం మొనని కెమెరా వైపు చాపొద్దు. బల్సా అలా చాపే మనిషి కాదు.

ఇది అయిపోయింది. ఇలాంటివి ఇంకేమున్నాయి? — నెల్లూరు

అదే రచయిత్రి కథతో 2009లో వచ్చిన ‘కెమొనొ నో సోజ ఎరిన్’, 50 భాగాలు. బొమ్మలు పిల్లల పుస్తకంలా ఉన్నాయని మోసపోవద్దు, మొదట్లోనే గుండె పట్టేస్తుంది. జంతువుని ప్రేమించడం, దాన్ని ఆయుధంగా వాడుకోనివ్వకపోవడం రెండూ ఒక్క మనిషికే పడితే ఏమవుతుందన్నది విషయం. ‘జూని కొక్కి’ (2002-2003, 45 భాగాలు) హీరోయిన్ యోకో మొదట్లో మీకు నచ్చకపోవచ్చు, ఏడుస్తుంది, అందరినీ అనుమానిస్తుంది. ఎలుక రూపంలో ఉన్న ఒక స్నేహితుడు తగిలేదాకా ఓపికపట్టండి. ‘అకత్సుకి నో యోన’ (2014-2015, 24 భాగాలు) వీటిలో తేలికైనది. కథ పూర్తిగా ముగియదు, ముందే తెలుసుకుని చూడండి.

మా అమ్మమ్మకి ఈ కథ బాగా నచ్చింది. ఇంగ్లీషు రాదు కాబట్టి నేనే సబ్‌టైటిళ్ళు చూసి తెలుగులో చెబుతున్నాను. ‘యూ’ అని ఉన్నచోట నువ్వా, మీరా? ప్రతిసారీ నోరు తడబడుతోంది. — తెనాలి

మంచి చోట తడబడ్డారు. ఇంగ్లీషులో ఆ తేడా లేదు, జపాను భాషలో ఉంది, తెలుగులో ఉంది. అంటే మీ అమ్మమ్మగారు సబ్‌టైటిల్ చదివేవాళ్ళకంటే ఎక్కువే వినగలరు, మీరు సరిగ్గా చెబితే.

ఇలా పెట్టుకోండి. రాణితో, కోటలో ఉన్నంతసేపు చగుమ్‌తో బల్సా ‘మీరు’. కోట దాటాక, పిల్లాణ్ణి మామూలు మనిషిలా బతికించాలి కాబట్టి ‘నువ్వు’. ఆ మార్పు మెల్లగా జరిగింది కాదు, ఆవిడ తేల్చుకుని మార్చుకున్నది. అందుకే మీరూ అక్కడ ఒక్కసారిగా మార్చండి. తందతో ఎప్పుడూ ‘నువ్వు’, ‘ఏంటి’, ‘పోనీలే’. ఇద్దరూ చిన్నప్పటి నేస్తాలు. తొరొగాయి అందరినీ ‘ఒరేయ్’, ‘ఏమే’ అంటుంది, మొహమాటపడకండి. చగుమ్ కోట మాట గ్రాంథికంలా ఉండాలి: ‘నాకు ఆకలిగా ఉన్నది’. ఊరి పిల్లలతో ఆడటం మొదలుపెట్టాక ‘ఆకలేస్తోంది’. ఈ ఒక్క మార్పుతో మధ్య భాగాల విసుగు కూడా తగ్గుతుంది.

చిక్కంతా చగుమ్ బల్సాని పిలిచేచోట. జపాను భాషలో వాడు పేరుపెట్టే పిలుస్తాడు. పదకొండేళ్ళ పిల్లాడు ముప్పయ్యేళ్ళ ఆవిడని పేరుపెట్టి పిలవడం మన ఇళ్ళలో బాగోదు కాబట్టి ‘అక్కా’ అనో ‘అత్తా’ అనో అనాలనిపిస్తుంది. అనొద్దు. వరస కలిపేస్తే ఆవిడ వాడికి ఏమవుతుందన్న ప్రశ్న అక్కడే తీరిపోతుంది. 26 భాగాలూ ఆ ప్రశ్నని తేల్చకుండా ఉంచాయి. ‘బల్సా’ అనే ఉంచండి, క్రియలో మాత్రం మర్యాద కాస్త కాస్తగా సడలించండి. మొదట్లో ‘బల్సా, ఇటు రమ్ము’, మధ్యలో ‘బల్సా, ఇటు రా’. చివరి భాగంలో వాడు ఆవిడ పేరు పిలిచినప్పుడు మీరేమీ చెప్పకండి, అమ్మమ్మగారిని వాడి గొంతే విననివ్వండి.